మూడో పిలుపు

తల నెరిసేదాకా ఆయన కోర్టు వరండాలో నిలబడి పేర్లు పిలిచిన బంట్రోతు. కక్షిదారు టీ కొట్టు దగ్గరున్నా, గేటు బయట వకీలుతో గొడవపడుతున్నా ఆ గొంతు వింటే పరుగెత్తుకు రావాల్సిందే. మూడు పిలుపులకూ పలక్కపోతే కేసు కొట్టేస్తారు. అందుకే మూడో పిలుపు ప్రాణం పెట్టి పిలిచేవాడు. తన గొంతు తగ్గి ఎవరి కొంపా మునగకూడదని ఆయన పట్టుదల.

ఆ గొంతు ఇంటికొచ్చినా తగ్గేది కాదు. "ఏమేవ్" అన్నాడంటే వంటింట్లో మూతలు అదిరేవి. ఇదేమన్నా కోర్టా, పక్కనే ఉన్నాగా అని భార్య నెత్తి కొట్టుకునేది. మా ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుందని పక్కింటావిడకు చెప్పి నవ్వేది. విసుగంతా పైపైనే. సాయంత్రమైతే ఆ పిలుపు కోసమే చెవులు రిక్కించుకుని ఉండేది.

ఒక ఏడాది గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకున్నారు. డాక్టరు గొంతులో లేచిన కాయలు కోసి తీశాడు. వాటితో పాటు మాటా పోయింది. అప్పట్నుంచి భార్యను పిలవాలంటే గ్లాసు మీద చెంచాతో కొట్టడమే.

ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బని ఒప్పుకుంటేనే పూర్తి పింఛను. శాఖవారు ఒప్పుకోలేదు. బంట్రోతు పని ఫైళ్ళు మోయడమేనట, పేర్లు పిలవమని రూల్సులో ఎక్కడా లేదట. అన్నేళ్ళు ఆ గొంతును వాడుకుని ఇప్పుడు ఎరగనట్టు మాట్లాడటానికి ఎంత గుండె కావాలి! ఆయనకు పింఛను కన్నా ఆ మాటే గుచ్చుకుంది. కేసు వేశాడు.

విచారణ రోజున భార్యను సాక్షిగా నిలబెట్టారు. పక్కింటి గోడ దాటిన మాట శాఖ వకీలు చెవిదాకా చేరింది కాబోలు, మీ ఆయన ఇంట్లో కూడా అరిచేవాడటగా అని అడిగాడు. కాదంటే అబద్ధం, అవునంటే జబ్బు ఇంట్లో అరుపుల వల్లేనంటారు, కేసు గంగపాలు. తను సరదాకి అన్న మాటే మొగుడి మెడకు చుట్టుకుంది. ఆయన తలొంచుకుని కూర్చున్నాడు.

"అరిచేవారండీ," అంది. "పొద్దంతా మీ వరండాలో అరిచిన మనిషికి మెల్లగా మాట్లాడటం ఎలా వస్తుంది? మెల్లగా పిలవమని నేనే పోరేదాన్ని. ఇప్పుడు ఆ అరుపు ఒక్కసారి వింటే చాలనిపిస్తోంది."

జడ్జిగారు శాఖ వకీలును అడిగారు, ఇందాక ఈయన పేరు పిలిచిందెవరని. బంట్రోతేనండీ అన్నాడు వకీలు.

"పిలవడం అతని పని కాదన్నారుగా?"

అది ఉద్యోగం తెచ్చిన జబ్బేనని జడ్జిగారు తీర్పు చెప్పారు. ఆయన చేతులు జోడించి ఏడ్చాడు. ఆ ఏడుపుకీ చప్పుడు లేదు.

ఇంటికొచ్చాక ఆమె పొయ్యి మీద టీ పెట్టింది. ముందు గదిలో గ్లాసు మోగింది. రోజూ అయితే మొదటి మోతకే వెళ్ళేది. ఆవేళ కదల్లేదు. గెలిచాం కదా, పోయిన గొంతు తిరిగి రావాలి కదా అని ఒక పిచ్చి ఆశ. రెండోసారి మోగింది. టీ పొంగుతున్నా పొయ్యి గట్టు పట్టుకుని అలాగే నిలబడింది.

మూడోసారీ గ్లాసే మోగింది.

"ఉన్నానండీ," అని కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.