సుశీల మేడం రెండో ప్రశ్న

పోయిన వారం తూంకుంటలోని మా ఇంట్లో ఫారాల కట్ట విప్పగానే ఎండుచేపల వాసన గదంతా నిండింది. కోస్తాలోని ఒక రేవు పల్లె నుంచి వచ్చిన కట్ట అది. ఆ పల్లె ఎదుట సముద్రంలో గాలిమరలు నిలబెట్టాలనుకుంటున్నారు. అవి వస్తే అక్కడి మనుషుల బతుకుల్లో ఏం మారుతుందో తేల్చి చెప్పడం మా సంస్థ పని. ఫారాలు నింపింది మా జట్టు, సరిచూసి సంతకం పెట్టాల్సింది నేను. ఆడవాళ్ళ పేర్ల పక్కన వృత్తి అన్న గడిలో ఎక్కడ చూసినా ‘గృహిణి’ అనే ఉంది. చేపల వాసన కొడుతున్న కాగితం మీద ఆ మాట చదువుతుంటే నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. సుశీల మేడం ఉంటే కట్టను నా ఒళ్ళో పడేసి, “మల్ల పో” అనేవారు. ఆమె పోయి రెండేళ్ళయింది.

మేడం మచ్చ బొల్లారంలో ఉండేవారు. ఊరూరా తిరిగి ఇంటింటి వివరాలు రాయడంలో తల పండిన మనిషి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సంస్థకు మొదటిసారి గాలిమరల సర్వే వచ్చింది. సముద్రం మొహం చూడని మా నలుగురినీ తయారు చేసే పని ఆమె మీద పడింది. ఆమె మమ్మల్ని శామీర్‌పేట చెరువు దగ్గరికి తీసుకొచ్చారు. “నీళ్ళు ఉప్పగున్నా సప్పగున్నా చేపల మీద బతికేటోళ్ళ బతుకు ఒక్కటే” అన్నారు. పెన్ను ముట్టుకోనివ్వలేదు, తలా ఒక పెన్సిల్ ఇచ్చి ముందు ఎవరింటి ఫారం వాళ్ళను నింపమన్నారు. మాది అలియాబాద్, నాయిన ఆ చెరువులోనే వల వేసేవాడు. నాకు తెలియని ఇల్లా అది? నాయిన పక్కన ‘చేపలు పట్టడం’, అమ్మ పక్కన ‘గృహిణి’ అని చకచకా రాసి, అందరికంటే ముందు ఇచ్చాను. మేడం చదివి నా మొహం వంక చూశారు. “రేపు పొద్దుగాల మీ ఇంటికొస్త” అన్నారు, అంతే. మెచ్చుకోవడానికే వస్తున్నారనుకున్నాను, నా తెలివి అట్లా ఉండేది.

తెల్లవారుతుండగానే వచ్చారు. అమ్మ వాకిట్లో కూర్చుని రవ్వచేప పొలుసు గీకుతోంది. మేడం ఆమె పక్కనే గొంతుక్కూర్చుని, “అమ్మా, నువ్వేం పని జేస్తవ్?” అని అడిగారు. అమ్మ చెయ్యి ఆపకుండానే, “నేనేం జేస్త మేడం, ఇంట్లనే ఉంట” అంది. నేను చూశారా అన్నట్టు మేడం వైపు చూశాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. “మంచిది. నిన్న పొద్దుగాల లేచిన కాన్నుంచి పండేదాంక ఏమేం జేసినవో జెర చెప్పు” అన్నారు. అమ్మ చెప్పుకుంటూ పోయింది. చెరువు కట్ట మీదికి పోవడం, వల విడిపించి చేపలు ఏరడం, గంపతో ఆటో ఎక్కి తూంకుంట దిగడం, కొత్త కాలనీల్లో గల్లీ గల్లీ తిరగడం, అడిగినవాళ్ళకు కోసి ఇవ్వడం, తిరిగొచ్చి చిరిగిన వల కుట్టడం. ‘గృహిణి’ అన్నది చెరిపి రాయబోతే నా ఫారంలో గడి సరిపోలేదు, వెనక్కి తిప్పి రాశాను. పెన్సిల్ ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది.

“ఇన్ని జేస్తవ్ గద, ఏం జెయ్య అన్నవేంది?” అన్నారు మేడం.

“గది పనా మేడం? చేపలు పట్టేది దీని నాయిన. నేను అమ్ముకొస్త, గంతే.”

“అమ్మకుంటే ఏమైతది?”

అమ్మ చెయ్యి ఆగింది. “అమ్మకుంటే మురిగిపోతయ్” అంది మెల్లగా. ఆ మాట ఆమె తనకే మొదటిసారి చెప్పుకున్నట్టుంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ గంప మోసిన నెత్తి మీదుగానే నా చదువు నడిచింది.

బస్టాపు దాకా మేడంతో నడిచాను. తిట్టలేదు. “లావణ్యా, సముద్రంల మరలు లేస్తె పడవలు తోవ మారుస్తయ్. చేపలు ఇంకో రేవుకు పోవచ్చు. మొగోళ్ళకు ఏం పోయిందో అందరు రాస్తరు. గంప పట్టుకుని పాత రేవుల నిలబడ్డామెకు ఏం పోయిందో ఎవరు రాస్తరు? కాగితం మీద లేనామెకు పోయేదేముంటదని అంటరు” అన్నారు. అప్పటి నుంచి, ‘నిన్న లేచిన కాన్నుంచి ఏమేం జేసినవ్’ అన్న ఆ రెండో ప్రశ్న అడగకుండా నేను ఏ గడీ నింపలేదు. నా జట్టుకు మాత్రం సరిగ్గా నేర్పలేదని ఈ కట్ట చెప్పింది. తప్పు వాళ్ళది కాదు, నాది.

మా మేనేజరుకు ఫోన్ చేసి సంతకం పెట్టనని చెప్పాను. నివేదిక ఇవ్వాల్సిన గడువు దగ్గర పడిందని ఆయన బాధ. “‘మేమేం పని చెయ్యం’ అని ఆ ఆడవాళ్ళే చెప్పారు కదమ్మా” అన్నారు. “మా అమ్మ గూడ అట్లనే చెప్పింది సర్, నేను గూడ అట్లనే రాసిన” అన్నాను. జట్టుతో పాటు నేనే పోయి మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతానన్నాను. చాలాసేపు నానబెట్టి, పది రోజులు ఇచ్చారు.

రేపు రైలు. బ్యాగులో ఖాళీ ఫారాలు, డజను పెన్సిళ్ళు సర్దుకున్నాను. అమ్మ వంటింట్లో చేప కోస్తూ, “ఆడోళ్ళు మల్ల ‘మేమేం పని జెయ్యం’ అనే అంటే ఏం జేస్తవే?” అని అడిగింది.

“అమ్మకుంటే ఏమైతదని అడుగుత” అన్నాను.