ఈసారి ఓటు ఎవరిది?

పరుపుల మామయ్య తన ఓటు తను వెయ్యడు. అలాగని ఎన్నికల రోజు ఇంట్లో కూర్చునే రకమూ కాదు. తెల్లారేసరికి గడ్డం గీసుకుని, మీసాల్లో చిక్కుకున్న దూది దులుపుకుని, లైనులో అందరికంటే ముందు నిలబడేది ఆయనే. కాకపోతే వేసేది మాత్రం మరొకరి మాట. ఎన్నికలొస్తున్నాయనగానే ఎవరో ఒకరిని వెతికి పట్టుకుని, "ఈసారి నా ఓటు నీది. ఎవరికెయ్యమంటావ్?" అని అడుగుతాడు. వాళ్ళు ఎవరికంటే వాళ్ళకే. మారుమాట ఉండదు.

ఒకసారి బస్టాండులో పడుకునే ముసలమ్మను అడిగాడు. "పొద్దున్నే మైకు పెట్టి నా నిద్ర చెడగొట్టనివాడెవడో వాడికెయ్యి నాయనా" అందామె. ఇక మామయ్య రోజూ కోడికంటే ముందు లేచి, బస్టాండులో చెవులు రిక్కించుకుని కూర్చుని, మైకు అద్దెకు తెచ్చుకునే తాహతు లేని ఒకాయనను కనిపెట్టి ఓటేసి వచ్చాడు. ఇంకోసారి, ఎక్కడినుంచో పనికొచ్చిన తాపీమేస్త్రిని అడిగితే, "నేను సున్నం కొట్టిన గోడమీద బొమ్మ అంటించనివాడికి" అన్నాడు. అలాంటివాడి కోసం మామయ్య తిరగని సందు లేదు.

ఇద్దరూ ఓడిపోయారు. అసలు మామయ్య ఓటు పడ్డాక డిపాజిట్ దక్కించుకున్నవాడు లేడు. 'ఆయన ఓటు పడిందంటే గెలుపు పరుపెక్కి పడుకున్నట్టే' అని వీధిలో సామెతే పుట్టింది.

"సొంత బుర్రంటూ ఉంటే కదా" అనేది అత్తయ్య, దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ. "ఉన్న కాస్తా ఏ పరుపులోనో పెట్టి కుట్టేసి అమ్మేశారు. దానిమీద ఎవరు పడుకుంటున్నారో పాపం."

"పోన్లే, వాళ్ళకైనా పనికొచ్చింది" అనేవాడు మామయ్య.

ఈ మాటలన్నీ కొట్టు మూలన మిషను వెనక కూర్చుని, దిండు గలీబులు కుడుతూ వినేది మేనకోడలు. పదిహేడేళ్ళ పిల్ల. తల్లి పోయాక మామయ్య ఇంటికి చేరింది. ఆమె ఎనిమిదో తరగతి పూర్తి చేసిన ఏడాది, పిల్లలు తక్కువగా ఉన్నారని వాళ్ళ బడి మూసేసి, పెద్దరోడ్డు అవతలి బడిలో కలిపేశారు. ఆ రోడ్డు మీద లారీలు ఆగవు. ఆడపిల్లలు ఒక్కొక్కరే ఇంటిపట్టున ఉండిపోయారు. మూసేముందు వాళ్ళనెవరూ అడగలేదు, తర్వాతా అడగలేదు. మెల్లగా ఆ పిల్ల మాట్లాడటమే తగ్గించేసింది. అన్నం తిన్నావా అంటే తలూపేది, దారం ఉందా అంటే రీలు ఎత్తి చూపించేది. ఆ బడి తలుపులు ఇప్పుడు ఓట్లప్పుడు మాత్రం తెరుస్తారు.

ఈసారి ఎన్నికలనగానే మామయ్య స్టూలు లాక్కుని మిషను ముందు చతికిలబడ్డాడు.

"ఈసారి నా ఓటు నీదే అమ్మాయ్."

మిషను ఆగింది. "నన్నెందుకు మామయ్యా? నాకేం తెలుసు?"

"తెలిసినవాళ్ళంతా వేస్తూనే ఉన్నారుగా. చూస్తూనే ఉన్నాంగా."

మర్నాడే ఎన్నికల్లో పోటీ చేస్తున్న కాంట్రాక్టరు మందీ మార్బలంతో వచ్చాడు. ఇంటింటికీ దండం పెడుతూ వచ్చినవాడు పరుపుల కొట్టు ముందు ఆగి, గొంతు తగ్గించాడు.

"మామా, మీ అభిమానం చాలు. ఓటు మాత్రం దయచేసి అవతలివాళ్ళకు వెయ్యండి."

"నా చేతుల్లో లేదండీ. ఈసారి ఓటు మా మేనకోడలిది. ఆవిడనడగండి."

కాంట్రాక్టరు నవ్వాపుకుంటూ మూలకు తిరిగాడు. "ఏమ్మా, ఏం కావాలి నీకు?"

ఆ పిల్ల తలెత్తలేదు. కుట్టు మీదే చూపు ఉంచి, "బడి" అంది.

"ఓస్, బడేనా? కాలేజీయే కట్టిస్తా." అప్పటికే ఆయన కాలు పక్కింటి గడపలో ఉంది.

ఆ పిల్ల సూది కింద బట్ట సర్దుకుంటూ మెల్లగా అంది. "ఏ బడో అడగలేదు మామయ్యా."

ఆ సాయంత్రం గొడుగులు బాగుచేసే ఆయన వచ్చాడు. ఆయనా ఎవరి అండా లేకుండా పోటీకి నిలబడ్డాడు. వెంట మనుషుల్లేరు, గొంతు బొంగురుపోయింది. మామయ్య వేలు చూపించగానే తిన్నగా మిషను దగ్గరికెళ్ళాడు. ఆ పిల్ల బడి అనగానే, "ఏ బడమ్మా?" అన్నాడు. ఎప్పుడు మూశారు, ఎందుకు మూశారు, నీతో చదివినవాళ్ళేం చేస్తున్నారు అని అడుగుతూ నేలమీదే కూర్చుండిపోయాడు. అత్తయ్య మంచినీళ్ళిచ్చింది.

"తెరిపించడం నా వల్ల అవుతుందో లేదో చెప్పలేను" అన్నాడు లేస్తూ. "అడగడం మాత్రం అడుగుతాను."

"ఆయనకే" అంది ఆ పిల్ల.

"అయిపోయాడు పాపం" అంది అత్తయ్య.

ఎన్నికల రోజు మామయ్య ఆమెను వెంటబెట్టుకెళ్ళాడు. వయసు చాలదు కాబట్టి బడి గేటు బయటే ఆపేశారు. గేటు పక్క అరుగుమీద బస్టాండు ముసలమ్మ, తాపీమేస్త్రి కూర్చుని ఉన్నారు.

"ఈసారి ఎవరిది పరుపులయ్యా?" అంది ముసలమ్మ.

"ఇదిగో, మా మేనకోడలిది" అని చెప్పి మామయ్య లోపలికెళ్ళాడు.

ముసలమ్మ జరిగి చోటిచ్చింది. "రా తల్లీ. మనల్ని లోపలికెటూ రానివ్వరు. మన మాట వెళ్తుంటే చూడ్డానికైనా ఉండాలిగా."

ఇల్లు లేదని ముసలమ్మ పేరు ఓటర్ల జాబితాలో ఎక్కించలేదు. మేస్త్రి ఓటు ఎక్కడో సొంతూళ్ళో ఉంది, వెళ్ళిరావడానికి పని వదలదు. ఆ పిల్ల ఇద్దరినీ చూసింది. మామయ్య బుర్ర లేక కాదు వీధుల వెంట తిరిగింది. ఎవరూ ఏమీ అడగనివాళ్ళను ఏరి ఏరి అడిగాడు.

మామయ్య సిరా వేలు ఊదుకుంటూ వచ్చాడు. "నీ తరగతి గదిలోనే వేశానే. నల్లబల్ల ఇంకా ఉంది."

"దానిమీద ఏమైనా రాసుందా?"

"లేదమ్మా. తుడిచేశారు."



గొడుగులాయన ఓడిపోయాడు. డిపాజిట్ కూడా పోయింది. కాంట్రాక్టరు ఊరేగింపు కొట్టు ముందునుంచే వెళ్ళింది. ఆ పిల్ల గలీబులో ముఖం దాచుకుని ఏడ్చింది.

"నా వల్ల నీ ఓటు పాడైపోయింది మామయ్యా."

"పాడవడానికి అదేమైనా పాలా? నీ మాట పెట్టెలో పడింది. లెక్కపెట్టినవాడు చేత్తో పట్టుకుని చూసుంటాడు." అన్నాడే గాని, ఆ పూట ఆయనా సరిగ్గా భోంచెయ్యలేదు.

కొన్నాళ్ళకు గొడుగులాయన కొట్టు మెట్లెక్కాడు.

"ఇంకేం పనండీ, ఓడిపోయారుగా?" అంది అత్తయ్య.

"ఓడిపోతే అడగనని చెప్పలేదు కదమ్మా." ఆయన మూలకు తిరిగాడు. "బడి సంగతి అడగడానికి విద్యాశాఖ ఆఫీసుకెళ్ళానండీ. నువ్వెవరివన్నారు. ఓడిపోయినవాడినన్నాను. బాగా నవ్వారు. బడి పోయినవాళ్ళే వచ్చి అడగాలిగాని నీకెందుకన్నారు. మళ్ళీ రేపు వెళ్తున్నాను. మీకో మాట చెప్పిపోదామని వచ్చాను."

ఆ పిల్లను అంతవరకూ 'మీరు' అన్నవాళ్ళు లేరు. ఆమె మిషను వెనకనుంచి లేచి నిలబడింది.

"రేపు నేనూ వస్తానండీ. మిగతావాళ్ళనూ పిలుచుకొస్తాను."

అత్తయ్య దబ్బనం పరుపులోనే గుచ్చి వదిలేసి ఇటు తిరిగింది. మామయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటీ? కాస్త గట్టిగా అను, మీ అత్తయ్యకు వినపడలేదు."

"గట్టిగానే అన్నాను మామయ్యా."

"నాకు శుభ్రంగా వినపడింది" అంది అత్తయ్య, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "వెళ్ళు తల్లీ, మిషను నేను చూసుకుంటా. మీ మామయ్యను మాత్రం వెంట తీసుకెళ్ళకు. ఆయన కాలు పెట్టాడంటే ఆఫీసు కూడా మూతపడుతుంది."