స్టేజీ దిగని రాత్‌మన్

సిల్వెస్టర్ రాత్‌మన్ పోయాక మా నోయ్‌బర్గ్ పేపర్లో ఏం రాశారో చూశారా? మిన్నెసోటాలో సగం జనంతో పోల్కా డాన్సు ఆడించిన మహానుభావుడట, బంగారంలాంటి మనిషట. బంగారమా, గాడిద గుడ్డా! పదకొండేళ్ళు ఆయన పక్కన కూర్చుని ట్యూబా, అదే ఆ పెద్ద ఇత్తడి బాకా, ఊదినవాణ్ణి, నన్నడగండి చెబుతాను.

వాయించడం మాత్రం వచ్చు. కాదంటే నా కళ్ళు పోతాయి. పదిహేనేళ్ళప్పుడు, పాలు పితికే పని ఎగ్గొట్టి, తిత్తులు లాగుతూ వాయించే మేనమామ కాన్సర్టీనా పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేర్చుకున్నాడు. ఇరవై నిండేసరికి సొంత బ్యాండు. డ్రమ్ము మీద బెత్తెడేసి ఎర్ర అక్షరాల్లో తన పేరు, మా పేర్లు ఎక్కడా లేవు. మా జర్మన్ల పోల్కాకి తొందర పనికిరాదు. కింద ట్యూబా నింపాదిగా నడవాలి, పైన కాన్సర్టీనా గునగునా పోవాలి. ఆ నడక ఆయనకి కుదిరినట్టు ఇంకెవరికీ కుదరలేదు. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో ఆయన వాయిస్తుంటే, చర్చి నుంచి వచ్చినవాళ్ళు కోటైనా విప్పకుండా నిలబడి వినేవాళ్ళు.

మనిషే విషం. తాళం కాస్త పరిగెత్తిందా, పాట మధ్యలోనే, జనం చూస్తుండగానే తిట్టిపోసేవాడు. క్లారినెట్ ఊదే ముసలాయన కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడని తెలిసి మర్నాడే పొమ్మన్నాడు. మా అమ్మ పోయిన రోజు సెలవడిగితే, "మీ అమ్మ ఎలాగూ లేవదు. సాయంత్రం ట్యూబా ఎవడు ఊదుతాడు?" అన్నాడు. ఆ మాటతో బయటికొచ్చి సొంత బ్యాండు పెట్టుకున్నాను. ఆయన పోయినా ఆ మాట మీద నా కడుపుమంట చల్లారలేదు.

ఇంట్లో ఇంకా ఘోరం. తన పెళ్ళిలో తనే స్టేజీ మీద కూర్చుని వాయించాడు. పెళ్ళికూతురు ఆల్మా పాపం మరిదితో డాన్సు చేసింది. సంగీతమంటే ఎంత ప్రాణమో అని ఊరు ఊరంతా మురిసిపోయింది, వెర్రి జనం. శనివారం వస్తే ఎవరిదో ఒక పెళ్ళి. కూతురు మార్లిస్ ఆ హాళ్ళలో, పెళ్ళికొచ్చినవాళ్ళు విప్పి పడేసిన కోట్ల గుట్టల మీద నిద్రపోతూ పెరిగింది. ఊళ్ళో తండ్రులందరూ పెళ్ళికూతుళ్ళయిన తమ పిల్లలతో ఆనవాయితీ ప్రకారం వాల్ట్జ్ డాన్సు ఆడుతుంటే పైనుంచి వాయించేది ఈయనే.

అందుకే, తన పెళ్ళి కుదరగానే మార్లిస్ మా ఇంటికొచ్చింది. "లియాండర్ బాబాయ్, నా పెళ్ళికి నువ్వు వాయించు. ఆ ఒక్కరోజు మా నాన్న కింద ఉండాలి. నాతో ఒక్క వాల్ట్జ్ ఆడాలి. నాకింకేం వద్దు," అంది. ఆ మనిషిని స్టేజీ దింపే అవకాశం వస్తే కాదంటానా? అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

రాత్‌మన్ ఒంటికాలి మీద లేచాడు. కన్నకూతురే పరువు తీసిందని ఊరంతా చెప్పుకు తిరిగాడు. అయినా పెళ్ళికొచ్చాడు, కొత్త సూటులో, మా స్టేజీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

మధ్యాహ్నం, తండ్రీకూతుళ్ళ వాల్ట్జ్ అని నేనే చెప్పి మొదలుపెట్టాను. మార్లిస్ హాలు మధ్యకొచ్చి చేతులు చాచి నిలబడింది. ఆయన లేచాడు. లేచి, ఆ పిల్లని దాటుకుని తిన్నగా స్టేజీ ఎక్కి నా దగ్గరకొచ్చాడు. పాట ఆగిపోయింది.

"ఏరా, ఇదేం తాళం? ఈ ఉరుకుడికి మా అమ్మాయి ఆడలేదు."

"నేనెలా ఆడతానో నీకేం తెలుసు నాన్నా?" అంది మార్లిస్ కిందనుంచే. "ఎప్పుడైనా ఆడావా నాతో?"

ఆయన నా మీదికి వంగాడు, మొహమంతా చెమట. "నాకు డాన్సు రాదురా," అన్నాడు నా చెవిలో.

జిల్లా అంతటినీ ఆడించినవాడు! అదే మాట ఆ పిల్లతో చెప్పు, రెండడుగులు అదే నేర్పుతుంది అన్నాను. ఇంతమంది ముందా అని గొణిగి, మావాడి ఒళ్ళోంచి కాన్సర్టీనా లాక్కుని కూర్చున్నాడు.

చెప్పొద్దూ, అంత బాగా ఎన్నడూ వాయించలేదు. జంటలు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. తెల్లగౌనులో నిలబడ్డ పిల్ల చుట్టూ, తగలకుండా తప్పుకుంటూ ఆడారు సిగ్గులేనివాళ్ళు. నేను ట్యూబా కింద పెట్టేశాను. ఆయన కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు.

పాటయ్యాక మార్లిస్ భోజనాల బల్ల దగ్గరికెళ్ళి, ఇంటివాళ్ళ వరసలోంచి ఆయన కుర్చీ తీయించేసింది. వాయించేవాళ్ళకి మా దగ్గర వంటింట్లో వడ్డిస్తారు. ఆయనకీ అక్కడే పెట్టండి అంది, ఆయనకి వినపడేలాగే.

వంటింట్లో మా బెంచీ మీదే కూర్చుని సాసేజీ, పులవబెట్టిన క్యాబేజీ మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. ఆల్మా వచ్చి, పిల్ల ఏడుస్తోంది, ఒక్క మాట చెప్పండి చాలు అని బతిమాలింది. ఆమె వెనకే మార్లిస్ నిలబడి ఉంది.

"నాకిక్కడే బాగుంది," అన్నాడు పళ్ళెంలోంచి తలెత్తకుండా.

ఆ తర్వాత మార్లిస్ ఆయన్ని నాన్నా అని పిలవగా ఎవరూ వినలేదు. ఊళ్ళోవాళ్ళలాగే రాత్‌మన్ గారూ అనేది.

మొన్న సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, ఆరోజు నీ చెవిలో ఏమన్నాడు బాబాయ్ అని అడిగింది. చెబితే ఆయన్ని క్షమించేస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. మా అమ్మ గుర్తొచ్చింది.

"తాళం గురించేనమ్మా," అన్నాను.