ఆరో లూపు

ఈలక్కకి ఆ పేరు పెట్టింది లారీ డ్రైవర్లు. తొమ్మిదేళ్లుగా గోదాము గేటు దగ్గర నిలబడి, లోపలికొచ్చే ప్రతి లారీకీ బయటికెళ్లే ప్రతి లారీకీ ఈల ఊదుతోంది కదా, వాళ్లు ఈలక్కా అన్నారు. తర్వాత ఇంటి ఓనరు అన్నాడు. ఆఖరికి కట్టుకున్నవాడు కూడా ముద్దొచ్చినప్పుడు అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ సెక్యూరిటీ కంపెనీలో ఆవిడ చేరింది చీపురు పట్టుకుని. రెండేళ్లు ఆఫీసు ఊడ్చాక, "నాకూ ఓ లాఠీ ఇవ్వండి సార్, నిలబడి చూపిస్తా" అని మేనేజరు గది గుమ్మంలో బైఠాయించి మరీ గేటు ఉద్యోగం సంపాదించుకుంది. ఇప్పుడు లాఠీ పాతబడింది. బ్యాంకు బండ్ల వెంట వెళ్లే గార్డులు నడుముకి పిస్తోలు పెట్టుకుని ఠీవిగా దిగుతుంటే ఈలక్క కళ్లప్పగించి చూసేది. ఆ కంపెనీలో పిస్తోలు పెట్టుకున్న ఆడమనిషి ఒక్కతీ లేదు. ఆరేళ్లలో ఏడుగురు ఆడవాళ్లు ఆ ఉద్యోగం పరీక్షకి వెళ్లారు, ఏడుగురూ తప్పారు.

ఎనిమిదో మనిషి ఈలక్క. గురిలో ఆవిడకి తిరుగులేదు. ఇరవై గుళ్లకి పద్దెనిమిది నల్లచుక్కలో పడ్డాయి. పక్కనున్న మగ గార్డుల మొహాలు మాడిపోయాయి. కానీ తర్వాతి పరీక్షలో కొంప మునిగింది. గుళ్లు తీసేసిన పిస్తోలుని ఒరలో పెట్టుకుని మైదానం చుట్టూ పరిగెత్తాలి, గోడ ఎక్కి దూకాలి, నేలమీద పాకాలి, కేక వినగానే పిస్తోలు తీసి నిలబడాలి. అన్నిటికన్నా చివర, పరీక్ష పెట్టే మీసాల మాస్టారు వచ్చి ఆ ఒరని పట్టుకుని బలమంతా పెట్టి లాగుతాడు. దొంగ వెధవ ఎవడైనా వెనకనించి లాక్కుంటే నిలుస్తుందా లేదా అని చూడటమన్నమాట. ఒర కదిలిందా, ఇంటికే.

ఈలక్క ఒర లాగుడు దాకా కూడా ఆగలేదు. గోడ దూకేసరికే కుడి తుంటి మీదనించి జారుకుంటూ జారుకుంటూ వీపు వెనక్కి పోయింది. కేక వినబడగానే చెయ్యి వేస్తే అక్కడ ఖాళీ. తోకని పట్టుకోబోయే కుక్కపిల్లలా తన చుట్టూ తనే ఓ చుట్టు తిరిగింది పాపం. మైదానమంతా ఘొల్లుమంది.

మీసాల మాస్టారు నవ్వలేదు. ముప్ఫయ్యేళ్లు సైన్యంలో చేసి వచ్చిన మనిషి. "ఆడవాళ్ల నడుము వంపు తిరిగి ఉంటుందమ్మా. బెల్టు నిలవదు. నీ తప్పేం లేదు" అని ఓదార్చాడు. ఆ ఓదార్పుకే ఈలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టినా బావుండేది.

పరీక్షకి రెండు అవకాశాలే ఇస్తారు. నలభై దాటితే అదీ లేదు. ఈలక్కకి నలభై నిండటానికి ఇంకా రెండు నెలలే ఉన్నాయి.

రెండో పరీక్ష నెలరోజులకి పెట్టారు. ఆ నెలరోజులూ ఆవిడ చెయ్యని ప్రయోగం లేదు. కంపెనీవాళ్లు సాధనకని ఇచ్చిన బెల్టుకి రెండు కొత్త చిల్లులు పొడిపించి, ఊపిరాడనంత బిగించింది. ఒర జారింది. నడుముకి తువ్వాలు చుట్టి దానిమీద బెల్టు పెట్టింది. తువ్వాలుతో సహా జారింది. చివరికి నైలాను తాడుతో ఒరని తొడకి కట్టుకుని వెళ్తే మాస్టారు చూసి, "నువ్వు గార్డువా, పార్సిలువా? విప్పు ముందు" అన్నాడు.

ఇంట్లో అత్తగారి గొడవ ఇంకోటి. ఆవిడ ముప్ఫయ్యేళ్లుగా కుట్టుమిషను తొక్కిన మనిషి. వీధిలో సగంమంది ఒంటిమీది బట్ట ఆవిడ చేతిమీదుగా వెళ్లిందే. ధైర్యం విషయంలో మాత్రం సున్నా. ఖాళీ ఒర బల్లమీద కనబడితే చాలు, చీపురుకట్ట చివరతో దాని మూతిని గోడవైపు తిప్పేది.

"అందులో ఏమీ లేదు అత్తయ్యా, ఉత్త తోలు" అని కోడలు ఎంత మొత్తుకున్నా వినేది కాదు.

"ఏమో తల్లీ, నీ తోలు సంగతి నాకేం తెలుసు? నా మిషను బల్ల మీద పెట్టావంటే మాత్రం ఊరుకోను."

పరీక్ష రోజు పొద్దున ఆరింటికే ఈలక్క లేచి కూర్చుంది. పది గంటలకి మైదానంలో ఉండాలి. యూనిఫాం ప్యాంటు ఉతికి ఆరేస్తే ఇంకా తడి వదల్లేదు. ఆఖరిసారి సాధన చెయ్యకపోతే ప్రాణం నిలవదు. ఇంకేం చేస్తుంది, మొగుడి ప్యాంటు తొడుక్కుంది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆ ఖాకీ ప్యాంటు ఆవిడకి కింద జానెడు పొడుగు, నడుము దగ్గర పిడికెడు వదులు. బెల్టు పెట్టి బిగించి, పిస్తోలు బదులు డాబా తలుపు తాళం కప్పని ఒరలో పెట్టింది. కప్ప అంటే అలాంటిలాంటిది కాదు, కిలో బరువు. మూడంతస్తుల మెట్లు దడదడా ఎక్కింది, దడదడా దిగింది.

తుంటి మీద చెయ్యి వేసి చూసుకుంది. ఒర ఎక్కడుండాలో అక్కడే ఉంది!

మళ్లీ ఎక్కింది. రెండేసి మెట్లు దూకుతూ దిగింది. ఉంది! డాబా మీద పాకింది, దొర్లింది, పిట్టగోడ ఎక్కి దూకింది. ఒర ఉడుంలా పట్టుకుని ఉంది. మూడో అంతస్తు ఆవిడ తలుపు తీసి, "దొంగెవడైనా పడ్డాడా?" అని కంగారుగా అడిగింది.

"లేదండీ, ఒర కూడా పడలేదు!" అంటూ ఈలక్క ఒక్క పరుగున కిందికొచ్చింది. ఆ క్షణంలో ఆవిడకి పట్టపగ్గాల్లేవు. "అత్తయ్యా! వచ్చేసింది! కిటుకు వచ్చేసింది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

కిటుకేమిటో ఆవిడకీ తెలీదు. తన కాళ్లకి అలవాటైందనుకుంది. తన యూనిఫాం ప్యాంటు తడి ఇస్త్రీతో లాగించి, తొడుక్కుని, అదే బెల్టు, అదే ఒర, అదే తాళం కప్పతో మళ్లీ మెట్లెక్కింది. మొదటి మలుపు తిరిగేసరికి ఒర వీపు వెనక ఉంది.

ఈలక్క అక్కడే మెట్టు మీద చతికిలబడింది. తన కాళ్లని తనే తిట్టుకుంది. గడియారం ఏడున్నర చూపిస్తోంది. మొగుడు వచ్చి పక్కన ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాడు.

అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. చూసి చూసి, "ఏమే, వాడి ప్యాంటుకి ఆగింది, నీ ప్యాంటుకి ఆగలేదు. అంతేనా?" అంది.

"అంతే అత్తయ్యా."

"మరి నీ కాళ్లని తిడతావేం? రెండు ప్యాంట్లూ ఇలా పడెయ్."

తుపాకీ సంగతి ఆవిడకి తెలీదు గానీ, ప్యాంటు సంగతి ఆవిడకి తెలియనిది ఎవడికి తెలుసు? రెండు ప్యాంట్లనీ మంచం మీద పక్కపక్కన పరిచింది. కళ్లజోడు పెట్టుకుంది. నడుం పట్టీ మీద వేలు పెట్టి, బెల్టు దూర్చుకునే లూపుల్ని ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది.

"ఒరేయ్, నీకెన్ని లూపులున్నాయో చూడు."

కొడుకు లెక్కపెట్టాడు. "ఏడు."

"దీనికి?"

"ఐదు."

"కుడి తుంటి మీద?"

ఆడవాళ్ల ప్యాంటుకి కుడి తుంటి మీద జానెడు మేర ఉత్త పట్టీ. లూపు లేదు. ఎడమవైపూ లేదు. పక్కన లూపులుంటే నడుము లావుగా కనిపిస్తుందని ఏ మహానుభావుడికి తోచిందో!

ఒర వెనక రెండు నిలువు గాట్లుంటాయి. బెల్టుని మొదటి గాటులోంచి తెచ్చి, ప్యాంటు లూపులోంచి పోనిచ్చి, రెండో గాటులో దూరిస్తే ఆ లూపు రెండు గాట్ల మధ్యా చిక్కుకుంటుంది. ఇక ఒర ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. మొగుడి ప్యాంటుకి లూపు సరిగ్గా అక్కడే ఉంది. చెయ్యి అలవాటుగా దూర్చింది, ఒర నిలిచింది. సొంత ప్యాంటుకి అక్కడ దూర్చడానికేం లేదు. మరి జారక ఏంచేస్తుంది? మగవాళ్లకి ఇదొక కిటుకని కూడా తెలీదు. బెల్టంటే అలాగే పెట్టుకుంటారనుకుంటారు వాళ్లు.

"కుట్టినవాడి చేతులు విరగ!" అంది అత్తగారు. "తోలుని పట్టుకుని ఏడుస్తున్నారుగానీ, గుడ్డని ఒక్కరైనా చూశారా?"

ఇక చూడాలి ఆ ఇల్లు! అత్తగారు ప్యాంటు కాలి మడత విప్పి, లోపలి గుడ్డ వేలెడు కత్తిరించింది. రంగు తేడా రాకూడదు కదా. మిషను బల్ల మీద ఉన్న గుడ్డలన్నీ కిందికి నెట్టింది. "ఆ తోలుదాన్ని ఇలా తే" అని, భయంభయంగానే రెండు వేళ్లతో ఒరని పట్టుకుని, గాట్ల మధ్య ఎడం కొలిచింది. కోడలికి ప్యాంటు తొడిగించి తుంటి ఎముక మీద సుద్దతో గీత పెట్టింది. ఎనిమిదింబావుకి మొదటి సూది టప్పున విరిగింది. నడుం పట్టీ నాలుగు మడతల మందం మరి. ఇంకో సూది. అదీ విరిగింది. డబ్బాలో మిగిలింది ఒక్కటే. అత్తగారు తొక్కడం మానేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే దింపింది. మొగుడు బయట మోటారుసైకిలు స్టార్టు చేసి, ఆపి, మళ్లీ స్టార్టు చేస్తున్నాడు.

"వాణ్ణి ఆగమను! నా గుండె దడ పెంచుతున్నాడు!" అని అరుస్తూనే పైన మూడు వరసలు, కింద మూడు వరసలు వేసి దారం కొరికింది.

పదికి ఐదు నిమిషాలుండగా ఈలక్క మైదానంలో దూకింది. "ఈలక్కా, ఈసారి ఎన్ని చుట్లు తిరుగుతావ్?" అన్నాడు ఓ గార్డు. వాడికి కండలున్నాయని మహా గర్వం. ఈలక్క నేరుగా పోయి గీత మీద నిలబడింది.

పరిగెత్తింది. పరిగెత్తడమా అది! మొదటి చుట్టు, రెండో చుట్టు. తుంటి మీద బరువు అక్కడే తడుతోంది, అక్కడే. గోడ ఎక్కి దూకింది. అక్కడే! నేలమీద పాకుతుంటే నోట్లోకి మట్టి పోయింది, అయినా నవ్వొచ్చింది. కేక వినబడింది. చెయ్యి వేసింది. పిడి అరచేతిలోకి వచ్చి కూర్చుంది. కళ్లు మూసి తెరిచేలోగా పిస్తోలు పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.

మాస్టారు వచ్చాడు. పిస్తోలు ఒరలో పెట్టమని, రెండు చేతులా ఒరని పట్టి లాగాడు. ఈలక్క రెండడుగులు అటు పోయింది. ఇంకా బలంగా లాగాడు. మనిషి మనిషంతా ఊగింది గానీ ఒర వదల్లేదు. మాస్టారు మీసాలు పైకి లేచాయి. "భేష్!" అని జేబులోంచి పెన్ను తీశాడు.

తీసినవాడు ఆగిపోయాడు. ఒర కిందినించి తొంగిచూస్తున్న కుట్టు మీద ఆయన కన్ను పడింది. "ఈ లూపు ఎక్కడిది?"

యూనిఫాంలో మార్పులు చెయ్యకూడదని ఆఫీసు గోడమీద బండ అక్షరాల్లో రాసి ఉంది. ముందునించీ ఉన్నదే సార్ అంటే సరిపోతుంది. ఎవడు లెక్కపెడతాడు? పెన్ను కాగితానికి అంగుళం దూరంలో ఉంది.

"మా అత్తయ్య కుట్టింది సార్, ఈ పొద్దున" అంది. "మగవాళ్ల ప్యాంటుకి ఏడు లూపులు సార్. మాకు ఐదే. కుడిపక్క అసలు లేదు. ఒర దేన్ని పట్టుకుని ఉంటుంది సార్?"

మాస్టారు పెన్ను జేబులో పెట్టాడు. చక్కా స్టోరు గదిలోకి పోయి, కవరు విప్పని ఆడవాళ్ల ప్యాంటు తెచ్చి, చించి, లెక్కపెట్టాడు. ఐదు. తర్వాత కండల గార్డుని పిలిచాడు. "బెల్టు తీసి మళ్లీ పెట్టు. కుడిపక్క లూపులో దూర్చకు. పరిగెత్తు."

వాడు ఛాతీ విరుచుకుని పరిగెత్తాడు. గోడ దూకేసరికి ఒర వీపు వెనక్కి పోయింది. మాస్టారు కేక వేశాడు. వాడు చెయ్యి వేశాడు, దొరకలేదు, చుట్టు తిరిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మాస్టారు సంతకం పెట్టాడు. కాగితం ఇస్తుంటే ఈలక్క అందుకోలేదు.

"మరి ఆ ఏడుగురి సంగతేంటి సార్?"

మాస్టారు ఆవిణ్ణి ఆఫీసులోకి తీసుకెళ్లి పాత రిజిస్టరు తెరిచాడు. ఏడు పేర్లు. ఏడింటి పక్కనా ఆయన దస్తూరీయే, 'నడుము అనుకూలం కాదు' అని. ఒక్కో దాన్నీ స్కేలు పెట్టి కొట్టేశాడు. ఫోను ఆవిడవైపు జరిపి, "మళ్లీ పరీక్ష పెడతానని నువ్వే చెప్పమ్మా. నాకు మొహం చెల్లదు" అన్నాడు.

మొదటి నంబరు నాలుగేళ్ల కింద పరీక్ష తప్పి, ఉద్యోగం కూడా మానేసి ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషిది. ఈలక్క గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. లూపు, గాట్లు, గోడ, కండలవాడు అన్నీ. అవతల సన్నగా ఏడుపు.

"నాలుగేళ్లబట్టీ అద్దం ముందు నిలబడి నా నడుముని తిట్టుకుంటున్నానే" అంది అవతల మనిషి.

"తిట్టింది చాలు" అంది ఈలక్క. తన కళ్లూ కారిపోతున్నాయి. "పాత ప్యాంటు వెతుకు. పట్టుకుని మా అత్తయ్య మిషను దగ్గరికి వెంటనే రా!"