బస్టాండులో మా ఇంటామె

మా ఇంటామె పోయింది. నెల కావస్తోంది. అయినా పొద్దున్నే ఎవరో ఒక ఆటో అబ్బాయి ఫోన్ చేస్తాడు. "అమ్మ ఉండాదా సామీ? ఈడ బస్టాండు కాడ ఒగ ముసలామె ఏడస్తా కూసోనుండాది" అంటాడు. లేదంటాను. ఎప్పుడొస్తుందని అడుగుతాడు. అప్పుడు మొదటినుంచీ చెప్పాలి. విని అవతలి మనిషి బాధపడితే మళ్ళీ నేనే ఓదార్చాలి. చెప్పి చెప్పి నా నోరు అలిసిపోయింది. అందుకే అందరికీ కలిపి ఒక్కసారి రాసేస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగమంతా తిరుపతి జనం మధ్య నలిగింది. "జరగండి, లోపలికి జరగండి" అని నిద్రలో కూడా అరిచేవాణ్ణని ఆమే చెప్పేది. జనమంటే నాకు తలనొప్పి. ఆమెకు ఆ జనమే కావాలి. దేవుడు ఇద్దర్నీ ఒకే గాటన కట్టాడు.

మా పాప బడికి పోయే రోజుల్లో మొదలైంది ఇది. నాకు క్యారియర్ ఇవ్వడానికి బస్టాండుకు వచ్చి, తనవాళ్ళనుంచి తప్పిపోయి ఏడుస్తున్న ఒక అవ్వను చూసింది. పక్కన కూర్చుని నా క్యారియర్ విప్పి ఆ అవ్వకు పెట్టేసింది. నేను టీ తాగి డ్యూటీ ఎక్కాను. అప్పటినుంచి పాపకు జడ వేసి బడికి పంపడం, వంట ముగించడం, పోయి బస్టాండులో తప్పిపోయినవాళ్ళ పేర్లు పిలిచే మైకు పక్క బెంచీ మీద కూర్చోవడం. పిలిచినవాళ్ళు లేరు, జీతమిచ్చినవాళ్ళు లేరు. "మనిషి తప్పిపోతే ముందు కూసోబెట్టల్ల. నిలబడుకున్నంతసేపూ భయమే" అనేది.

తిరుపతిలో మనిషిని వెతకడంలో ఒక చిక్కుంది. కొడుకు ఆయాసపడుతూ వచ్చి, "మాయమ్మకు నిండా జుట్టు, కొప్పులో కనకాంబరాలు" అని గుర్తులు చెబుతాడు. ఆ జుట్టు అప్పటికే కొండమీద దేవుడికి చేరిపోయి ఉంటుంది. గుండ్లన్నీ ఒకే మాదిరి, చందనం పూస్తే మరీనూ. కన్నతల్లి ముందునుంచే వెతుక్కుంటూ పోయే కొడుకుల్ని నేనే చూశాను. అందుకే మా ఇంటామె మొదట అడిగేది ఒకటే. "గుండు కొట్టిచ్చుకోకముందు తప్పిపొయ్యిందా నాయనా, తరవాతనా?" ఆ తరువాత, ఇంట్లో ఆమెను ఏమని పిలుస్తారని. కార్డులో ఉన్న పేరు మైకులో ఎంత అరిచినా పలకని అవ్వలు, మనవడు పిలిచినట్టు పిలిస్తే గబుక్కున లేచేవాళ్ళు.

సాయంత్రానికి కూడా ఎవరూ రాకపోతే ఇంటికి తెచ్చేది. మా పాప పెళ్ళి వీడియోలో ముందు వరసలో ఒక గుండు అవ్వ నిండుగా కూర్చుని ఉంటుంది. ఆమె ఎవరో మాకెవరికీ తెలియదు. మగపెళ్ళివాళ్ళు మా పెద్దత్త అనుకుని కాళ్ళకు మొక్కి చీర పెట్టారు. ఆ అవ్వ కూడా ఏమీ అనకుండా తీసుకుంది. "నా పెండ్లినాడు గూడా మాయమ్మ సగం నాకు, సగం ఆ యవ్వకు" అని మా పాప చిత్తూరునుంచి వచ్చినప్పుడల్లా దెప్పేది. వాళ్ళమ్మ నవ్వేది. "నీకు మొగుడు దొరికినాడు గదమ్మా, ఆమెకు కొడుకు దొరకలా" అనేది.

జబ్బు చేసి ఆస్పత్రి మందులు మొదలయ్యాక ఆమె జుట్టంతా ఊడిపోయింది. ఇక ఇల్లు కదలదనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం సంతోషించాను కూడా. నాలుగు రోజులు దిగులుపడి, ఐదోరోజు చీర మార్చుకుని బయలుదేరింది. మన ఊళ్ళో గుండును ఎవరు తిరిగి చూస్తారు? ఆటో అబ్బాయి, "దర్శనం బాగయిందా అమ్మా?" అని అడిగాడట. "బాగయింది నాయనా, దగ్గిరనించే చూసినా" అందట. ఇంటికొచ్చి చెబుతూ, ఆయాసం వచ్చేదాకా నవ్వింది.

మొన్న కర్మకు నేనూ గుండు చేయించుకున్నాను. టీ అంగడి మనిషి "కొండమీద రద్దీ ఎట్లుండాది సామీ?" అన్నాడు. పరవాలేదన్నాను. విడమరచి చెప్పే ఓపిక లేదు.

మా ఇంటామె గుండుతో తిరిగిన ఆ రోజుల్లోనే ఇంకోసారి, బస్టాండుకు కొత్తగా వచ్చిన ఒక వాలంటీరు పిల్ల ఈమెను చూసి తప్పిపోయిన మనిషే అనుకుంది. "అవ్వా, మీవోళ్ళు యాడ?" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఈమె కాదనలేదు. నీళ్ళు తాగి కాసేపు అలాగే కూర్చుందట. "ఎంత బాగుండెనో తెలుసునా పాప నాయనా! ఇన్నేండ్లూ నేనిచ్చేది గానీ, తాగినోళ్ళకు ఎట్లుంటాదో నాకు తెలీలే" అంది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. "ఏమ్మే, ఇంగ ఎన్ని దినాలుండాదో ఆ డాకటరుకే తెలీదు. ఆ ఉండే దినాలన్నా నాకియ్యరాదా? ఊరోళ్ళందరికీ పంచల్లనా?" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "నువ్వు తప్పిపొయ్యే మనిషివి కాదు గదబ్బా" అంది. నా కోపం మాత్రం పోలేదు.

చివరికి మంచం పట్టింది. ఇప్పుడైనా ఇల్లు నాదీ ఆమెదీ అనుకున్నాను. అప్పుడు ఒక సాయంత్రం ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. హోసూరు పక్క పల్లెనుంచి వచ్చిన ఒక గుండు అవ్వ. కొడుకు ఫోన్లో దొరికాడట, పొద్దునకు వస్తాడట. "ఈ పొద్దు వద్దప్పా, ఆమెకు బాగలేదు" అని గుమ్మం దగ్గరే చెప్పేశాను. లోపలినుంచి సన్నగా గొంతు వచ్చింది. "ఎవరబ్బా అది? లోపలికి రమ్మను." అవ్వ వచ్చి మంచం పక్కన కూర్చుంది. అన్నం నేనే పెట్టాను, మొహం ముడుచుకునే.

తెల్లవారుతుండగా మా ఇంటామె పోయింది. పాపకు ఫోన్ చేయాలి. ఫోన్ చేతిలో ఉంది, ఏం నొక్కాలో తెలియలేదు. అలాగే నిలబడిపోయాను. అవ్వ లేచింది. ఆమె కనురెప్పలు మూసింది, కాళ్ళు చాపి వేళ్ళు కట్టింది, నూనె ఎక్కడుందో వెతుక్కుని తలదగ్గర దీపం పెట్టింది. అప్పుడు నన్ను చూసి, "ఏమని పిలిచి ఏడ్చేది నాయనా? నాకు ఈమె ఏమీ కాదే" అంది. మళ్ళీ తనే, "బిడ్డా అంటాలే" అని, నా చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, తను మొదలుపెట్టింది. ఆమె గొంతు విన్నాకే నాకు ఏడుపొచ్చింది. ఆ పొద్దు ఆ ఇంట్లో నేనొక్కణ్ణే ఉండి ఉంటే ఏమయ్యేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

నేను ఫోన్ చేస్తే చిత్తూరునుంచి పాప వచ్చింది. ఎండెక్కేసరికి అవ్వ కొడుకు కారు తీసుకుని వచ్చాడు. పోదాం రమ్మన్నాడు. "నా బిడ్డను ఎత్తేదాకా నేను యాడికీ రాను. పొయ్యి ఆడ కూసో పోరా" అంది అవ్వ. అతను చెప్పులు విడిచి, షామియానా కింద మా బంధువుల పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం పాడె ఎత్తాము. ఆడవాళ్ళు వీధి చివరిదాకా వచ్చి ఆగిపోయారు. మలుపు దగ్గర వెనక్కి చూశాను. అందరూ ఇళ్ళవైపు తిరిగారు. ఎర్రటి ఎండలో ఆ అవ్వ మాత్రం ఒక చేత్తో మా పాప భుజం పట్టుకుని, రెండో చేత్తో గుండు మీద కొంగు సర్దుకుంటూ, మావైపే చూస్తూ నిలబడి ఉంది.