నిద్రపోని కారు

కుహ్మో అనే మంచు ఊళ్లో హిల్కా షెడ్డుకు కారు తీసుకెళ్లినవాళ్లు ముందు కాఫీ తాగాల్సిందే. ఆమె కార్లలో కరెంటు పనులు చేస్తుంది. ఊరికే నిలబెట్టినా బ్యాటరీ ఖాళీ అయిపోయే కారు వస్తే, తాళంచెవి లాక్కుని దూరంగా పెట్టేస్తుంది. బ్యాటరీ తీగకు కరెంటు వాడకం చూపే మీటరు తగిలించి అందరినీ పక్క గదిలోకి తోలేస్తుంది. ఆపేసిన కారు కూడా కాసేపు మెలకువగానే ఉంటుందట. అది నిద్రపోయాక కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. తలుపు తీసినా, దూరం నుంచే సంకేతమిచ్చే తాళంచెవి దగ్గరికొచ్చినా మళ్లీ లేచి కూర్చుంటుంది. మామూలుగా నోరు మూతపడని హిల్కా అప్పుడు మాత్రం గుసగుసలాడుతుంది. కారుకు చెవులున్నాయా అని వెక్కిరించినవాళ్ల చేతిలో ఇంకో బన్ను పెడుతుంది.

ఆ చలికాలం అర్వో అనే పెద్దాయన కారు ఆమెను ముప్పుతిప్పలు పెట్టింది. ఆయన భార్య సైమా మతిమరుపు ముదిరి, ఊరవతల వృద్ధాశ్రమంలో ఉంటోంది. ఆయన వెళ్లి తినిపిస్తేనే తింటుంది, వేరేవాళ్లు పెడితే ముట్టదు. అటువైపు బస్సు లేదు. కారేమో వారంలో సగం రోజులు మొరాయిస్తోంది.

షెడ్డులో కొలిస్తే అది బుద్ధిగా నిద్రపోయింది. మీటరులో అంకె దాదాపు సున్నాకు దిగింది. కొత్త బ్యాటరీ వేసినా, ఇంటికెళ్లాక మళ్లీ అదే కథ. ఇక కారు అమ్మేస్తానని అర్వో తలవంచుకుని చెప్పేసరికి హిల్కాకు తన మీద తనకే ఒళ్లు మండింది. దాని నిద్ర దాని పక్క మీదే చూడాలనుకుని, మీటరు పట్టుకుని ఆయన ఇంటికే వెళ్లింది.

కారు ఇంటి గోడను ఆనుకుని రేకుల పందిరి కింద ఉంది. అర్వో తాళంచెవిని పెరటి చివర కట్టెల కొట్టులో పెట్టించింది. ఇద్దరూ లోపల కాఫీ తాగి వచ్చారు. అంకె దిగలేదు. మీటరును సున్నాకు సరిచేసి మళ్లీ తగిలించి, ఇంకో కప్పు తాగి వచ్చారు. కాస్త దిగుతోంది, మళ్లీ ఎగురుతోంది.

మళ్లీ లోపలికొచ్చి బూట్లు విప్పుతుంటే, సరిగ్గా కారు పక్క గోడకే లోపలివైపు వేలాడుతున్న ఆడవాళ్ల సంచి హిల్కా కంట పడింది.

"పెద్దాయనా, సైమాగారి తాళంచెవి ఎక్కడుంది?"

"అందులోనే. ఆవిడ వెళ్లినప్పటినుంచీ నేను దాన్ని ముట్టుకోలేదు."

గోడవతల ఆ తాళంచెవి ఉన్నంతసేపూ కారు నిద్రపోదని హిల్కా మెల్లగా చెప్పింది. అర్వో సంచి వైపు తిరిగాడు.

"అయితే అదీ ఆవిడ కోసమే చూస్తోందన్నమాట."

కట్టెల కొట్టులోదాని పక్కనే ఇదీ పెట్టేస్తే సరిపోతుందని, సంచి ఎక్కడిదక్కడే ఉండొచ్చని హిల్కా అనేసింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎప్పుడైనా వచ్చి వెతుక్కుంటే?"

జనం చేతుల్లోంచి తాళంచెవులు లాక్కోవడం అలవాటైన హిల్కా ఈసారి చెయ్యి చాపలేదు. పార తీసుకుని కట్టెల కొట్టు పక్కన మంచునంతా ఎత్తిపోసింది. కారు అక్కడ పెట్టించి, కొట్టులోని అర్వో తాళంచెవిని ఇంట్లోకి పంపించేసి కొలిస్తే అంకె దిగి, అక్కడే నిలబడింది. మర్నాడు ఎవరూ అడగకుండానే వచ్చి, చలికి గడ్డకట్టకుండా ఇంజను వెచ్చబెట్టుకోవడానికి ఇంటి నుంచి అక్కడిదాకా కరెంటు తీగ లాగిపెట్టింది.

ఇప్పుడు అర్వో రోజూ మంచులో పెరడంతా దాటి వెళ్లి కారెక్కుతాడు. గోడ పక్కన చోటుండగా అంత దూరమెందుకని ఎవరైనా అడిగితే, హిల్కా గుసగుసగా చెబుతుంది.

"అక్కడైతే దానికి నిద్ర పడుతుంది."