స్పసేనియ వదిన డిక్కీ

మా వీధిలో కారు నడిపిన మొదటి ఆడమనిషి స్పసేనియ వదిన. తను పనిచేసే నేత మిల్లుకు వెళ్లే బస్సు ఆపేసినప్పుడు, యాభైకి దగ్గర పడ్డాక, నడపడం నేర్చుకుంది. మొగుడు వూకాషిన్ పక్కన కూర్చుని, తన వైపు లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉండేవాడు. స్టీరింగు ఆమెదైనా డిక్కీ మాత్రం ఆయనదే. సంతలో ఎర్ర మిరపకాయల బస్తాలు ఎక్కించి ఆమె మూత మీద చెయ్యి వేస్తే చాలు, "జరుగు, జరుగు" అంటూ వచ్చేవాడు. రెండు అరచేతులు ఆనించి, నడుం వంచి, ఒక్క మూలుగు మూలిగి అదిమేవాడు. టక్కుమని పడేది. ఇంకెవరు నొక్కినా పడేది కాదు.

"ఇది డిక్కీ కాదు, మొండి గాడిద. మొగుడి మాట తప్ప వినదు," అని వీధంతా వినేలా అనేది వదిన.

"ఇంట్లో ఒక్కటైనా నా మాట వినాలిగా," అనేవాడు వూకాషిన్.

నేను బస్సు డిపోలో టింకరింగు పని చేసి రిటైరైనవాణ్ణి. గంట పని, సరిచేసి పెడతానని ఎన్నోసార్లు అడిగాను. "నా డిక్కీ జోలికి రాకు బ్లాగోయే," అని నన్ను పేరు పెట్టి కసిరేవాడు. నాకు ఒళ్లు మండేది. బస్సుల తలుపులు సరిచేసినవాడికి ఒక బుల్లి కారు మూత చేతకాదా? పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరుకున్నాను.

కిందటి చలికాలం మొదట్లో వూకాషిన్ పోయాడు. ఆ మూత వేసే దిక్కు లేకుండా పోయింది. వదిన దారినపోయేవాళ్లను పిలవడం మొదలుపెట్టింది. రొట్టెల కొట్టువాడు ఒక గుద్దు గుద్దాడు, పోస్టుమాన్ ఇంకోటి గుద్దాడు. గుద్దినకొద్దీ అది మరింత మొండికేసింది. చివరికి మూతకు తాడు కట్టుకుని తిరిగేది. మిల్లులో మేనేజరును వాకిట్లో నిలబెట్టి కడిగేసిన మనిషి, రోడ్డు మీద నిలబడి "బాబూ, కాస్త నొక్కవా" అని బతిమాలుతుంటే నా మనసు చివుక్కుమనేది.

వసంతంలో, పోయినవాళ్లకు సమాధుల దగ్గర తిండి పెట్టే పెద్దల శనివారం నాడు ఆ తాడు కూడా మోసం చేసింది. శ్మశానం కొండ ఎక్కుతుండగా ముడి ఊడి, మూత లేచి, ఆయన కోసం తేనె కలిపి వండిన గోధుమల గిన్నె కాలవలోకి దొర్లింది. సమాధి దగ్గరికి కొవ్వొత్తులు మాత్రం పట్టుకుని చేరింది. "మొదటిసారే ఆయన్ని పస్తు పెట్టాను," అని ఆ వేసవంతా అదే మాట.

అందుకే ఆకురాలు కాలంలో, దిమిత్రి పండుగ ముందు మళ్లీ వచ్చే పెద్దల శనివారానికి ఒక రోజు ముందు, కారుతో సహా మా గేటు ముందు నిలబడింది.

"ఏమయ్యా, రేపు ఎవర్నీ పిలవకుండా ఈ మూత నా చేత్తో నేనే వేసుకోవాలి. చేస్తావా, ఇంకోణ్ణి చూసుకోనా?"

"ఇన్నాళ్లకు గుర్తొచ్చానా వదినా?"

"గుర్తు లేక కాదు. దాని మీద నీ చెయ్యి పడితే ఆయనకి కోపమొస్తుందని."

కొక్కేనికి గ్రీజు రాసి, మూత దించి, ఎక్కడ తగులుతోందో చూశాను. కొక్కెం దాని గాడిలో అడుగుదాకా దించి బిగించి ఉంది. అది దానంతటది దిగేది కాదు, ఎవరో కావాలని చేసిన పని. మూత ఆనే రెండు మూలల్లో రబ్బరు బుడిపెలు ఉండాలి. వాటి చోట వైను సీసా బిరడాలు, కత్తితో గుండ్రంగా చెక్కి, నల్లరంగు పూసి దిగ్గొట్టి ఉన్నాయి.

"కింద కొక్కెం లాగుతుంటే, పైన బిరడాలు ఎత్తుతుంటే మూత ఎలా పడుతుంది? మావాడికి బుర్ర లేదు వదినా."

"ఎందుకు పెట్టాడట అవి?"

"ఇంకెందుకు? మూత కీళ్లు అరిగిపోయాయి. మూత మోగకుండా బిగబట్టాడు."

వదిన పక్కనున్న ఖాళీ పెట్టె తిరగేసి దాని మీద కూర్చుంది.

"నేనే అన్నాను," అంది. "పొద్దస్తమానం మగ్గాల మోతలో చచ్చి వచ్చేదాన్ని. వెనకాల ఇది కటకటమంటుంటే, నా నెత్తిన ఇంకో మగ్గం పెట్టావేంటయ్యా అని తిట్టాను. కొన్నాళ్లకు మోత ఆగిపోయింది. ఎలా ఆగిందని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇన్నేళ్లూ గాడిద, గాడిద అని తిడుతుంటే నవ్వుకుంటూ నడుం వంచాడు."

తలకు కట్టుకున్న గుడ్డ చివరతో కళ్లు తుడుచుకుంది. నాకూ వాడు ఒక్కసారిగా గుర్తొచ్చాడు. అంత మొండివాణ్ణి మళ్లీ చూడబోమని అప్పుడే అర్థమైనట్టయింది.

"ఇవి తీసేసి కొక్కెం పైకెత్తితే వేలితో పడుతుంది," అన్నాను. "కానీ మోగుతుంది. ఈ కారుకి రబ్బర్లు ఇప్పుడెక్కడా దొరకవు. నీ ఇష్టం."

"బాగా మోగుతుందా?"

"కొండ ఎక్కేటప్పుడు మరీను."

"తీసెయ్," అంది. "మిల్లు మూసేశారు. ఇంట్లో గోడ గడియారం తప్ప మాట్లాడే దిక్కు లేదు. మోగనీ. నేను వస్తున్నానని ఆయనకి కింద నుంచే తెలుస్తుంది."

మర్నాడు నేను మా అమ్మానాన్నల సమాధుల దగ్గర ఉండగానే కటకటమని మోత వినిపించింది. కారు కనిపించడానికి చాలా ముందే అందరూ తలలు తిప్పారు. గోధుమలు, చిక్కుళ్లు, కాల్చిన మిరపకాయలు, సారా సీసా, అన్నీ క్షేమంగా వచ్చాయి. డిక్కీనే బల్లగా చేసి వడ్డించింది. మొదటి చుక్క ఆయన మట్టిలో పోసి, నాకో గ్లాసు ఇచ్చింది. పోయినవాళ్ల పేరిట తాగేటప్పుడు గ్లాసులు తాకించుకోము. "దేవుడు వాణ్ణి మన్నించాలి," అని తాగాను.

"ఆ చప్పుడు విన్నాడంటావా?" అంది.

"ఊరంతా విన్నది వదినా, వాడొక్కడూ వినలేదా?"

బయల్దేరే ముందు గిన్నెలు సర్దుకుని, మూత మీద చెయ్యి వేసి, అలవాటుగా పక్కకు జరిగి నిలబడింది. ఎవరూ రాలేదు. కాసేపటికి తానే ముందుకొచ్చి ఒంటి చేత్తో దించింది. టక్కుమని పడింది.